నేను చూడని మణికట్టు

నేను ఒలింపిక్స్‌కి వెళ్ళలేదు. ఆసియా క్రీడలకీ వెళ్ళలేదు. కబడ్డీ అంపైరుగా నేను దేశం దాటింది మన ఇరుగుపొరుగు దేశాలు కలిసి జరుపుకునే క్రీడలకి. అదీ రెండుసార్లే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక తప్పు చేశాను. దాన్ని దాచుకోమన్నారు. దాచుకోలేదు. అందుకు నన్ను చాలా ఏళ్ళు పక్కన పెట్టారు.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. మొన్న అమలాపురంలో కొత్త అంపైర్ల శిక్షణ తరగతికి నన్ను పిలిచారు. నా మాటలయ్యాక వెనక వరసలోంచి ఓ అమ్మాయి లేచి, "మేడమ్, మనం ఇచ్చిన నిర్ణయం తప్పని తరవాత తెలిస్తే ఏం చెయ్యాలండి?" అని అడిగింది. నా పక్కన కూర్చున్న కబడ్డీ సంఘం పెద్దాయన మైకు తన వైపు లాక్కుని, "అలాంటివి అడక్కూడదమ్మా. కూర్చో," అన్నారు. ఆ పిల్ల కూర్చుంది.

అడగాలి. ఈ ఉద్యోగంలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. మిగతావన్నీ రూల్సు పుస్తకంలో ఉంటాయి. ఆ రోజు నాకు మైకు మళ్ళీ రానివ్వలేదు కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఇసక కోర్టు

పి.గన్నవరం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను డ్రిల్లు టీచర్ని. ఉద్యోగమంతా ఆ ఒక్క స్కూల్లోనే గడిచింది. కాలవ గట్టు పక్కన ఇసక పోయించి, ముగ్గుపిండితో గీతలు గీసి, ఆడపిల్లల చేత కబడ్డీ ఆడించేదాన్ని. ఊళ్ళో కొందరు వచ్చి, "ఆడపిల్లల్ని మట్టిలో పొర్లిస్తారేంటండీ," అనేవారు. "స్నానం చేస్తే పోతుందండీ," అనేదాన్ని.

అంపైరు పరీక్ష రాయమని పట్టుబట్టింది రాజోలు మాస్టారు. పేరు వెంకటరత్నంగారు. జిల్లాలో కబడ్డీ అంటే ఆయనే. పెద్ద పెద్ద పోటీలకి రిఫరీగా వెళ్ళినవారు. మా స్కూలు పిల్లల మ్యాచికి ఒకసారి వచ్చి, నేను విజిల్ ఊదే తీరు చూసి, "సత్యవతీ, నీకు గొంతుంది, భయం లేదు. పరీక్ష రాసెయ్యమ్మా," అన్నారు.

మా ఇంట్లో అత్తగారికి ఇష్టం లేదు. అంపైరు ప్యాంటు వేసుకోవాలి కదా, అదీ ఆవిడ బాధ. మా ఆయన కొబ్బరి వ్యాపారం. ఆయన మాత్రం, "నువ్వెళ్ళి రాసిరా. కొబ్బరికాయ దింపే రోజులైనా సరే, ఇంటి దగ్గర నేనుంటాను," అన్నారు. హెడ్మాస్టారు సెలవివ్వనంటే, ఆయన గది ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. మూడో పీరియడ్ అయ్యేసరికి సంతకం పెట్టారు.

మాస్టారు నాకు నేర్పిన మొదటి పాఠం పాదాలు చూడమని. "కూతకొచ్చే రైడర్ చేతులు తిప్పుద్ది, కళ్ళు తిప్పుద్ది, నిన్ను మాయ చేసేద్ది. పాదాలు అబద్ధం ఆడలేవమ్మా. పాదాలు చూడు," అనేవారు. ఏళ్ళ తరబడి అలాగే చూశాను. నూటికి తొంభై తొమ్మిదిసార్లు ఆయన మాట నిజమైంది.

రెండో పాఠం ద్రాక్షారామంలో నేర్చుకున్నాను. అక్కడ మగవాళ్ళ పోటీ జరుగుతోంది. మాస్టారు రిఫరీ, నేను అంపైర్ని. ఓడిపోయిన జట్టు తాలూకు పెద్దమనిషి ఒకాయన ఇరవైమందిని వెంటేసుకుని కోర్టులోకి దిగి, చివరి రైడ్ మళ్ళీ ఆడించమన్నాడు. మాస్టారు విజిల్ జేబులో వేసుకుని మధ్య గీత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. "మీరు కొట్టుకోండి, నరుక్కోండి. నేనిచ్చింది ఇచ్చేను," అన్నారు. అరగంట కూర్చున్నారు. చివరికి వాళ్ళే విసుగెత్తి వెళ్ళిపోయారు.

ఆ రోజు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను. ఇచ్చిన నిర్ణయం మీద నిలబడడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ మాట ముందే చెబుతున్నాను. తరవాత రాయబోయేది చదివి ఆయన్ని ఎవరూ తక్కువ చేయకండి.

ఆ క్రీడల గురించి

ఈ ఇరుగుపొరుగు క్రీడలంటే మన పత్రికలకి చులకన. "ఎలాగూ మనమే గెలుస్తాం కదండీ, అందులో ఏముంది," అని మా స్టాఫ్ రూమ్‌లోనే అనేవారు. ఎవరైనా వాటి చరిత్ర రాసినా పతకాల పట్టిక రాస్తారు. పట్టికలో మన దేశం పైన ఉంటుంది. చదివినవాళ్ళు తృప్తిగా పుస్తకం మూసేస్తారు.

నేను చూసిన చరిత్ర వేరు. రెండేళ్ళకోసారి జరుపుకుందామని మొదలుపెట్టుకున్న క్రీడలవి. జరిగినప్పుడు జరిగినట్టు. ఒకసారి ఎన్నికలన్నారు, ఒకసారి భూకంపమన్నారు, ఒకసారి రెండు ప్రభుత్వాలకి మాటల్లేవన్నారు. వాయిదా వేసేవాళ్ళకి అదొక కాగితం. ఆడే పిల్లకి అది వయసు. ఇరవై రెండేళ్ళకి శిబిరానికి వచ్చిన పిల్లని ఇరవై ఆరేళ్ళకి రమ్మంటే, మోకాలు ఆగుతుందా, అత్తగారు ఆగుతుందా? మగవాళ్ళ కబడ్డీ ఆ క్రీడల్లో తొలినాళ్ళ నుంచీ ఉంది. ఆడవాళ్ళ కబడ్డీ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోపు ఎంతమంది అమ్మాయిలు ఆడకుండానే ఇళ్ళకి వెళ్ళిపోయారో ఏ పట్టికలోనూ లేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. మనకి అవి చిన్న క్రీడలు. పక్కనున్న చిన్న దేశాలకి అవే పెద్దవి. వాళ్ళ పిల్లలకి అంతకన్నా పెద్ద మైదానం దొరకదు. నేను వెళ్ళినప్పుడు ఒక దేశం జట్టులో సగంమంది రబ్బరు మ్యాటు మీద అడుగు పెట్టడం అదే మొదటిసారి. బూట్లు కొత్తవి, కరిచేస్తున్నాయి. వార్మప్ అవుతూ మడమలకి గుడ్డలు చుట్టుకుంటున్నారు. వాళ్ళ ముఖాల్లో ఉన్న పట్టుదల చూస్తే చులకనగా మాట్లాడే నోళ్ళు మూతపడతాయి.

సెమీఫైనల్

ఏ దేశంలో జరిగిందో రాయను. ఆడిన రెండు దేశాల పేర్లూ రాయను. ఆ అమ్మాయిల తప్పేమీ లేదు.

నన్ను అంపైరుగా ఎంపిక చేయించింది మాస్టారే. ఆయన సాంకేతిక కమిటీలో ఉన్నారు. ఆడ అంపైర్లని మన దగ్గర్నుంచి పంపడం అప్పుడప్పుడే మొదలైంది. విమానం ఎక్కేముందు ఆయన, "నువ్వు బాగా చేస్తే నీ వెనక పదిమంది ఆడపిల్లలు వస్తారు. గుర్తెట్టుకో," అన్నారు.

మన జట్టు అప్పటికే ఫైనల్‌కి చేరింది. రెండో సెమీఫైనల్ రెండు చిన్న దేశాల మధ్య. ఒక జట్టులో మాయ అని రైడర్ ఉంది. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల. వాళ్ళ జట్టుకి అన్నీ ఆమే.

చివరి రైడ్‌కి స్కోరు సమానంగా ఉంది. మాయ వచ్చింది. నేనున్న వైపే వచ్చింది.

కబడ్డీ తెలియనివాళ్ళ కోసం ఒక్క రూలు చెబుతాను. కోర్టుకి రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీ అని ఉంటుంది. రైడర్‌కీ ఎదుటివాళ్ళకీ ఇంకా తాకుడు జరగకముందే రైడర్ లాబీలో కాలు పెడితే అవుట్. తాకుడు జరిగిపోతే మాత్రం లాబీ కూడా కోర్టులో భాగమే. అప్పుడు అందులోంచి పరిగెత్తి మధ్య గీత చేరినా పాయింటు వస్తుంది.

మాయ మూల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, లాబీలోకి దూకి, మధ్య గీత దాటేసింది. నేను పాదాలు చూస్తున్నాను. లాబీలో పడిన అడుగు చూశాను. విజిల్ ఊది అవుటన్నాను. ఎదుటి జట్టుకి ఒక పాయింటు వచ్చింది. మ్యాచి అయిపోయింది.

మాయ నా దగ్గరికి వచ్చి కుడి మణికట్టు చూపించింది. ఆ మణికట్టుని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, "ఇదిగో, ఇలా పట్టుకుంది," అన్నట్టు చూపించింది. రెండో అంపైరుకి ఎదుటి పిల్ల వీపు అడ్డమైంది. రిఫరీ నన్ను అడిగారు. "నేను చూశాను. అవుటే," అన్నాను.

చూశానన్నది అబద్ధం కాదు. అడుగు చూశాను. చెయ్యి చూడలేదు. చూడలేదని ఆ క్షణాన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న టిఫిన్లు చేసే హాల్లో గోడకి ముందురోజు ఆటల ఫోటోలు అంటించారు. కాఫీ పట్టుకుని చూస్తూ నడుస్తున్నాను. ఐదో ఫోటో మాయది. మాయ మణికట్టు చుట్టూ ఎదుటి పిల్ల వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. మాయ రెండు పాదాలూ ఇంకా గీతకి లోపలే ఉన్నాయి. అంటే ముందు పట్టు పడింది, తరవాతే లాబీలో అడుగు పడింది. పాయింటు మాయది. ఫైనల్‌కి వెళ్ళాల్సింది వాళ్ళ జట్టు.

కాఫీ అక్కడే పెట్టేసి, మాస్టారిని వెతికి ఆ గోడ దగ్గరికి తీసుకొచ్చాను.

మాస్టారు అన్నది

ఆయన ఫోటో చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"అయిపోయింది కదమ్మా. ఫలితం మారదు. రూలు ప్రకారం అంపైరు మాటే ఆఖరు."

"ఫలితం మార్చమని అడగట్లేదండి. నా రిపోర్టులో తప్పిచ్చేనని రాస్తానండి. ఆ పిల్లకి కూడా చెప్తాను."

"చెప్తే?" ఆయన గొంతు పెరిగింది. "ఆడ అంపైర్ని పంపితే సెమీఫైనల్ పాడుచేసింది అంటారు. ఇంకెవర్నీ పంపరు. నీ ఒక్కదానికోసం పదిమంది దారి మూసేస్తావా? ద్రాక్షారామంలో నేను గీత మీద కూర్చున్నాను, చూసేవు కదా. ఆ రోజు నేను లేచి ‘ఏమోనండీ, నాదే తప్పేమో’ అనుంటే, మళ్ళీ ఈ జిల్లాలో ఎవరైనా రిఫరీ మాట వినేవారా?"

"ఆ రోజు మీరిచ్చింది కరెక్టండి, మాస్టారూ."

ఆయన కళ్ళజోడు జేబులో వేసుకుని బయటికి నడిచారు.

ఆయన వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. పదిమంది ఆడపిల్లల మాట నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. ఆ హాలు బయట మెట్ల మీద కూర్చుని గంటసేపు ఆలోచించాను. ఎటు తిప్పి చూసినా ఒకటే తేలింది. నా వెనక వచ్చే పిల్లలకి నేను దారి తియ్యాలి, నిజమే. తప్పు దాచుకోవడం నేర్పి ఆ దారిలోకి పంపడం నాకు చేతకాదు.

మాయ అడిగింది

వాళ్ళ జట్టు సామాన్లు సర్దుకుంటోంది. మాయ హాస్టలు వరండాలో బ్యాగు మీద కూర్చుని ఉంది. ఆమెది టీవీ చూసి నేర్చుకున్న హిందీ, నాది పరీక్షలు రాసి నేర్చుకున్న హిందీ. ఎలాగో చెప్పాను. ఫోటో చూశాననీ, నాదే తప్పనీ, క్షమించమనీ.

"అయితే మమ్మల్ని మళ్ళీ ఆడనిస్తారా?" అంది.

"లేదు."

"మరి ఎందుకు చెబుతున్నారు?"

చెబితే నా మనసు తేలికపడుతుందనుకున్నాను కాబోలు. ఆమె మనసు సంగతి ఆలోచించలేదు. సిగ్గేసింది.

మళ్ళీ ఆమే అంది. "మా మేనేజరు రిపోర్టు రాసేశారు. ఆఖరి రైడ్‌లో కంగారుపడి నేనే గీత దాటానని. నాది పోలీసుశాఖలో ఆటల కోటా ఉద్యోగం. ఇంకా పర్మినెంటు కాలేదు. ఆ రిపోర్టు అక్కడికి వెళ్తుంది. మీరు ఇప్పుడు చెప్పింది రాసివ్వండి."

"రాసిస్తాను."

"సంతకం పెట్టి, మీ ఊరు, మీ దేశం కూడా రాయండి."

గదికి వెళ్ళి రాశాను. ‘ఆఖరి రైడ్‌లో ఈ క్రీడాకారిణి నియమం ఏదీ తప్పలేదు. ఎదుటి క్రీడాకారిణి ఆమె మణికట్టు పట్టుకున్న తరవాతే ఆమె లాబీలోకి వచ్చింది. ఆ పట్టు నేను చూడలేదు. నా నిర్ణయం తప్పు.’ మూడు ప్రతులు తీశాను. ఒకటి నా రిపోర్టుకి జతచేశాను. ఒకటి వాళ్ళ మేనేజరుకి. ఒకటి మాయకి.

ఇచ్చేముందు మాస్టారికి చూపించాను. దొంగచాటుగా చేయడం నాకిష్టం లేదు.

ఆయన చదివి తిరిగిచ్చేశారు. "ఈ కాగితం గడప దాటితే నీకూ నాకూ మాటల్లేవు సత్యవతీ."

"మీ ఇష్టమండి," అన్నాను. వెళ్ళి మేనేజరు కాగితం మేనేజరుకి, మాయది మాయకి ఇచ్చేశాను.

మాయ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, లోపలి జేబులో పెట్టుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

పక్కన పెట్టడమంటే

ఎవరూ నన్ను సస్పెండ్ చేయలేదు. సంజాయిషీ అడగలేదు. పిలవడం మానేశారు, అంతే. జాతీయ పోటీల జాబితాలో నా పేరుండేది కాదు. రాష్ట్ర పోటీల్లో స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. సంఘం మీటింగుల్లో నేను రాగానే ఎవరో ఒకరు, "కాగితం మేడమ్‌గారొచ్చేరు, జాగ్రత్తగా మాట్లాడండోయ్," అనేవారు. నవ్వులు. నేను కుర్చీ లాక్కుని మొదటి వరసలో కూర్చునేదాన్ని.

తరవాతి క్రీడలు ఎలాగూ వాయిదా పడ్డాయి. మళ్ళీ పడ్డాయి. నేను రాజోలులో, కొత్తపేటలో, మామిడికుదురులో స్కూళ్ళ పోటీలకి విజిల్ ఊదుతూ ఉండిపోయాను. అక్కడ ఒక అలవాటు చేసుకున్నాను. తప్పనిపిస్తే ఆట ఆపి, అందరి ముందూ చెప్పి, నిర్ణయం మార్చేదాన్ని. ఒకసారి ఓ వ్యాయామ టీచరు కోప్పడ్డారు. "ఇదేంటండీ మేడమ్, ఇచ్చింది మారుస్తారా? మా పిల్లలేమైపోవాలి?"

"మీ పిల్లలకి రాని పాయింటు మీకెందుకండీ?" అన్నాను.

ఆడ అంపైర్ల దారి మూసుకుపోయిందా? లేదు. నా తరవాత మా జిల్లా నుంచే ఆడపిల్లలు వెళ్ళారు. నా కాగితం వల్ల ఎవరి దారీ ఆగలేదు. దీన్ని మాత్రం కాస్త గట్టిగానే చెబుతాను. పెద్దలు మనల్ని నోరు మూసుకోమనడానికి మన వెనక వచ్చేవాళ్ళని అడ్డం పెడతారు. వెనక వచ్చేవాళ్ళని ఒక్కసారి అడిగి చూడండి, వాళ్ళేమంటారో.

మాస్టారు ఆరేళ్ళు మాట్లాడలేదు. వాళ్ళ మనవరాలి పెళ్ళికి శుభలేఖ ఆయన స్వయంగా తెచ్చిచ్చారు. "మీ ఆయన్ని కూడా తీసుకురామ్మా," అన్నారు. వెళ్ళాం. మాటలు కలిశాయి. కాగితం విషయంలో మాత్రం నాదే తప్పని ఆయన ఇప్పటికీ అంటారు. అననివ్వండి. నేను ఆయన్ని గౌరవిస్తాను, ఆ మాటకి మాత్రం ఒప్పుకోను. రెండూ ఒక మనిషిలో ఉండొచ్చు.

రెండోసారి

రిటైరవడానికి కొద్ది ముందు పిలుపొచ్చింది. అనుభవమున్న ఆడ అంపైర్లు చాలడం లేదని, సంఘంలో పెద్దలు మారారని చెప్పారు. ఏదైతేనేం, వెళ్ళాను.

మొదటి మ్యాచికి కోర్టులోకి వెళ్తుంటే ఒక జట్టు బెంచీ మీద కోచ్ కనిపించింది. కాస్త ఒళ్ళు చేసింది గానీ ఆ పొడుగు, ఆ మెడ తిప్పే తీరు మారలేదు. మాయ. నన్ను గుర్తుపట్టి లేచి వచ్చింది.

"ఉద్యోగం ఉందా?" అనడిగాను. ఇన్నేళ్ళూ నాకు తెలియనిది అదే.

"ఉంది. ఎంక్వయిరీ పెట్టారు. మీ కాగితం చూపించాను," అంది. తరవాత ముఖం సీరియస్‌గా పెట్టి, "ఇవాళ మాకు మాత్రం ఏ సాయం చేయకండి," అంది.

"చేయను."

ఆట రెండో సగంలో వాళ్ళ రైడర్ బోనస్ గీత అవతల ఒక కాలు మోపి, రెండోది నేల వదిలానని ఒక పాయింటు అడిగింది. నేను లేదన్నాను. మాయ బెంచీ మీంచి లేచి రివ్యూ అడిగింది. నా మీదే! ఇప్పుడు వీడియో ఉంది. ఆట ఆగింది. పెద్ద తెర మీద ఆ పిల్ల పాదం నెమ్మదిగా కదిలింది. వెనక కాలు గాల్లో ఉంది, ముందు కాలు గీత దాటి నేల మీద ఉంది. బోనస్ వచ్చింది. నాదే తప్పు.

హాలంతా చూస్తుండగా నా నిర్ణయం వెనక్కి తీసుకుంటున్నానని చెయ్యి ఊపి, వాళ్ళకి పాయింటు ఇచ్చాను. మొత్తం అరనిమిషం పట్టి ఉంటుంది. ఎవరూ అరవలేదు. మాయ నా వైపు చూడను కూడా చూడలేదు. తన పిల్లల మీద కేకలేస్తోంది.

ఆ వెంటనే ఎదుటి జట్టు రైడర్ వచ్చింది. మూల దగ్గర ఆమె మడమ గీత బయట లాబీలో పడింది. ఈసారి మడమా చూశాను, చేతులూ చూశాను, ఎవరి చెయ్యీ ఆమెని తాకలేదు. విజిల్ ఊది అవుటన్నాను.

నిమిషం ముందు తప్పు ఒప్పుకున్న అంపైరు విజిలే అది, అయినా కోర్టులో ఉన్నవాళ్ళందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.